యుద్ధంలో దవాఖాన, అడివంచున దవాఖాన: మీ ఉత్తరాలకు డాక్టరమ్మ జవాబులు

పోయిన సంచికలో గాజాలోని అల్ షిఫా ఆస్పత్రి గురించి నాలుగు ముక్కలు రాశాను. 2023 నవంబర్‌లో అక్కడి నుంచి నెలలు నిండని 31 మంది పసికందులను ఎట్లా బయటికి తెచ్చారన్న సంగతి అది. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం అక్కడి యుద్ధం గురించే, మిగతా సగం మాత్రం మన దగ్గరి సంగతులు, నల్లమల అంచు ఊళ్ళ నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి. అందుకే ఈసారి షుగర్, థైరాయిడ్ ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. ఆ ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల తప్పకుండా రాస్తాను.

ఆస్పత్రి మీద బాంబు వేయకూడదని అంతర్జాతీయ చట్టం ఉందంటారు కదా మేడమ్, మరి రోజూ టీవీలో చూసేదేమిటి? పాటించని చట్టం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?
డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

తమ్ముడూ, నీ ఉత్తరం నిండా కోపమే ఉంది. నాకూ ఉంది. ఆ చట్టం ఎక్కడ పుట్టిందో, ఏం చెబుతుందో తెలిస్తే ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలుస్తుంది.

1859 జూన్ 24న ఇటలీ ఉత్తరాన సోల్ఫెరినో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. హెన్రీ డ్యూనాంట్ అనే స్విట్జర్లాండ్ వ్యాపారి తన పని మీద అటు వెళ్ళి, వేల మంది సిపాయిలు గాయాలతో, గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేక పడి ఉండటం చూశాడు. పక్కనున్న కాస్టిల్యోనె ఊరి ఆడవాళ్ళు చర్చిలోకి గాయపడ్డవాళ్ళను చేర్చి, ఏ దేశపు సిపాయి అని చూడకుండా అందరికీ కట్లు కట్టారు, 'అందరూ అన్నదమ్ములే' అనుకుంటూ కట్టారట. ఈ కథ చదివినప్పుడల్లా నాకు డ్యూనాంట్ కంటే ఆ ఆడవాళ్ళే ఎక్కువ గుర్తుంటారు. ఆయన ఇంటికి వెళ్ళాక చూసిందంతా రాశాడు, దాని వల్లే 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 1949 నాటి నాలుగు ఒప్పందాలు. ప్రపంచంలో దేశాలన్నీ వీటికి ఒప్పుకున్నాయి. మన దేశం 1950లో చేరింది, 1960లో మన పార్లమెంటు దీనికోసం ఒక చట్టం కూడా చేసింది.

నాలుగో ఒప్పందంలో 18వ అధికరణ సూటిగానే ఉంటుంది: జబ్బుపడ్డవాళ్ళకు, గాయపడ్డవాళ్ళకు, కాన్పులకు ఉన్న పౌర ఆస్పత్రుల మీద ఏ పరిస్థితిలోనూ దాడి చేయకూడదు. చాలామంది దాని కింది 19వ అధికరణను చదవరు, అసలు గొడవంతా అక్కడే ఉంది. ఆస్పత్రిని శత్రువుకు హాని చేసే పనులకు వాడితే ఆ రక్షణ పోతుంది, అప్పుడు కూడా ముందుగా హెచ్చరించాలి, సర్దుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. ఆస్పత్రిలో గాయపడ్డ సైనికులు చికిత్స పొందుతున్నారనో, వాళ్ళ దగ్గర తీసుకున్న తుపాకులు ఓ మూల ఉన్నాయనో రక్షణ పోదు, ఇది కూడా అందులోనే రాసి ఉంది. ఏ యుద్ధంలోనైనా ఆస్పత్రిని కొట్టినవాళ్ళు మొదట చెప్పే మాట 'లోపల శత్రువులు ఉన్నారు' అనే. వార్త చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకో తమ్ముడూ. ఉన్నారని రుజువేమిటి, హెచ్చరిక ఇచ్చారా, లోపలున్న రోగులు కదలడానికి వ్యవధి ఇచ్చారా?

2015 అక్టోబర్ 3న ఆఫ్ఘనిస్థాన్‌లోని కుందుజ్‌లో, సరిహద్దుల్లేని వైద్యులు అనే సంస్థ నడిపే ఆస్పత్రి మీద అమెరికా యుద్ధవిమానం దాదాపు గంటసేపు కాల్పులు జరిపింది. 42 మంది చనిపోయారు. ఆస్పత్రి ఎక్కడుందో ఆ సంస్థ ముందే సైన్యాలకు తెలిపింది, దాడి జరుగుతుండగా ఆపమని ఫోన్లు కూడా చేసింది. తర్వాత అమెరికా సైన్యం పొరపాటున జరిగిందని తేల్చి 16 మందిపై శాఖాపరమైన చర్యలు తీసుకుంది, ఎవరి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. తర్వాతి సంవత్సరం మే 3న భద్రతా మండలి దేశాలన్నీ ఏకగ్రీవంగా 2286 నంబరు తీర్మానం చేసి, వైద్యుల మీదా ఆస్పత్రుల మీదా దాడులు ఆపాలన్నాయి. చేతులెత్తిన దేశాలే తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేదు. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణి ఇజ్రాయెల్‌లోని బీర్‌షెబా పెద్దాస్పత్రిని తాకింది. గాజాలో ఆస్పత్రుల సంగతి నువ్వే రోజూ టీవీలో చూస్తున్నావు. మనకు ఎవరి మీద అభిమానం ఉన్నా సరే, రెండు చోట్లా మంచం మీద ఉన్నది రోగే.

మరి శిక్ష ఎందుకు పడదు? ఆస్పత్రుల మీద కావాలని దాడి చేయడం 1998 నాటి రోమ్ ఒప్పందం ప్రకారం యుద్ధ నేరం, దాన్ని విచారించడానికి హేగ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కూడా ఉంది. అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెల్, మన దేశం ఆ కోర్టులో సభ్యులు కారు. భద్రతా మండలి ద్వారా కేసు పంపాలంటే అయిదు పెద్ద దేశాల్లో ఏ ఒక్కటి వీటో వేసినా ఆగిపోతుంది. తప్పు చట్టంలో కంటే ఈ ఏర్పాటులో ఎక్కువుంది. అయినా చట్టం ఉండటం దండగ అని మాత్రం అనను. ఆ రాత ఉంది కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దాడులను లెక్కగట్టి నమోదు చేస్తోంది, ఆ రాత ఉంది కాబట్టే కొట్టినవాడు కూడా 'కావాలని కొట్టలేదు' అని సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. అసలు రాతే లేకపోతే ఆ సంజాయిషీ కూడా ఉండదు.

మాది మెడికల్ షాపు. బోర్డు మీద ఎర్ర ప్లస్ గుర్తు వేయించాం. అది తప్పని, జరిమానా పడుతుందని ఒకాయన అన్నారు. నిజమా? ఊళ్ళో అందరి బోర్డుల మీదా ఉంది కదా?
మిర్యాలగూడ పాఠకుడు

నిజమే అన్నా. తెల్లని నేల మీద ఎర్ర ప్లస్ గుర్తు రెడ్‌క్రాస్ వాళ్ళది, సైన్యంలోని వైద్య విభాగానిది. స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేసి ఆ గుర్తు చేశారు. పైన చెప్పిన 1960 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని వాడటం నేరం, జరిమానా అయిదు వందల దాకా ఉంటుంది. ఆ అయిదు వందలకు ఎవరూ భయపడరు, నల్గొండ బస్టాండు నుంచి గడియారం దాకా నడిస్తే క్లినిక్కుల మీద, ఆర్‌ఎంపీల బోర్డుల మీద, స్కూటీల మీద కూడా కనిపిస్తుంది.

అయినా తీసేయమని ఎందుకంటున్నానంటే, కాల్పులు జరిగే చోట ఆ గుర్తు ఒక్కటే కవచం. స్ట్రెచర్ మోసేవాడి చేతికి కట్టిన ఆ గుడ్డ చూసి తుపాకీ దించాలి. అది మందుల దుకాణం గుర్తు అని జనం మనసులో పడిపోతే దానికి ఆ బలం ఉండదు. పెయింటర్‌ని పిలిచి ఆకుపచ్చ ప్లస్ వేయించండి, పూట పని.

నేను హౌస్ సర్జన్‌ని. మొన్న రెండు వర్గాల గొడవలో తల పగిలినవాళ్ళను రెండు వైపులవాళ్ళనూ తెచ్చారు. 'పోలీసులు రాకముందు ముట్టుకోకు, కేసులో ఇరుక్కుంటావు' అని సీనియర్ అన్నారు. రూల్ ఏమిటి మేడమ్?
సూర్యాపేట

రూల్ చాలా స్పష్టంగా ఉంది తల్లీ, మీ సీనియర్ చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: గాయంతో వచ్చిన మనిషిని కాపాడటం ప్రతి డాక్టరు బాధ్యత, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా సరే, అతను నేరం చేసినవాడైనా నేరానికి బలైనవాడైనా సరే, పోలీసు లాంఛనాల కోసం చికిత్స ఆగకూడదు. ఇంకో కేసు 1996ది. బెంగాల్‌లో ఒక కూలీ 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ఒక ప్రభుత్వ ఆస్పత్రి నుంచి ఇంకో ప్రభుత్వ ఆస్పత్రికి తిప్పి ఎక్కడా చేర్చుకోలేదు, చివరికి ప్రైవేటులో చేరాడు. అత్యవసర చికిత్స ఇవ్వకపోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు తేల్చి 25 వేల పరిహారం ఇప్పించింది. ఈ రెండు తీర్పులూ ప్రింటు తీసి క్యాజువాలిటీ గోడకు అంటించు.

క్రమం ఇది. ఊపిరి, రక్తం, తల, ముందు వీటి సంగతి చూడు. ఎవరికి ముందు అనేది గాయాన్ని బట్టే, ఏ వర్గం అనేదాన్ని బట్టి కాదు. ఇద్దరినీ ఒకే హాల్లో పక్కపక్కన పడుకోబెట్టకు, బంధువులు అక్కడే మళ్ళీ కొట్టుకుంటారు, చూశాను. ఆ తర్వాత ఎమ్మెల్సీ రిజిస్టర్, అంటే పోలీసు కేసయ్యే గాయాలు రాసే మెడికో లీగల్ రిజిస్టర్ రాయి, పోలీసులకు కబురు పంపు, అది కూడా నీ బాధ్యతే, దాచకు. రాసేటప్పుడు గాయం ఎంత పొడవు, ఎంత లోతు, ఏ వైపు అనేది చూసింది చూసినట్టు రాయి. ఎవరు కొట్టారనేది 'రోగి చెప్పిన ప్రకారం' అని రాయి, నీ తీర్పు అందులో పెట్టకు.

డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పేరు విన్నావో లేదో. మన పాలమూరు నుంచి బట్టల బేరానికి, కూలికి పోయే షోలాపూర్ ఆయన సొంతూరు. 1938లో మన దేశం చైనాకు పంపిన అయిదుగురు డాక్టర్ల బృందంలో వెళ్ళి, యుద్ధం మధ్యలో ఆపరేషన్లు చేస్తూ 1942లో అక్కడే చనిపోయాడు. ముప్పై రెండేళ్ళు. నేను ఎంబీబీఎస్ చదివేటప్పుడు ఆయన ఫోటో ఒకటి నోట్సులో పెట్టుకునేదాన్ని. నీ వయసుకు అట్లాంటి ఫోటో ఒకటి ఉండటం మంచిదే.

మాది అమ్రాబాద్ దగ్గర ఊరు. నాకు పదేళ్ళప్పుడు మా నాయనను రాత్రి తీసుకుపోయారు, వారం తర్వాత కొట్టి వదిలేశారు. ఎవరన్నది రాయను. ఆయన ఇప్పుడు లేడు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ కుక్క మొరిగితే లేచి కూర్చుంటుంది, జీపు చప్పుడైతే వణుకుతుంది, తలుపు గొళ్ళెం నాలుగుసార్లు చూస్తుంది. గాలి సోకిందని తాయెత్తులు కట్టించాం. ఇరవై ఏళ్ళు దాటాక దీనికి మందు ఉంటుందా?
పేరు వద్దన్న పాఠకురాలు

చెల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో నేను మీ దిక్కే, అడివంచున ఒక పీహెచ్‌సీలో పనిచేశాను.

రాత్రి అన్నలు వచ్చి అన్నం అడిగేవాళ్ళు, పొద్దున పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావని అడిగేవాళ్ళు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ నిద్ర ఉండేది కాదు. ఒకసారి అర్ధరాత్రి ఒక కుర్రాడిని నులక మంచం మీద మోసుకొచ్చారు, తొడలో తూటా. నేనూ స్టాఫ్ నర్సూ కందిలి వెలుగులో రక్తం ఆపి, సెలైన్ పెట్టి, తెల్లారేసరికి పెద్దాస్పత్రికి పంపాం, రిజిస్టర్లో రాశాం, కబురూ పంపాం. మర్నాడు ఒక వైపువాళ్ళు వచ్చి 'వాడికెందుకు చేశావు' అన్నారు. పక్షం తర్వాత ఇంకో వైపువాళ్ళు 'కబురెందుకు పంపావు' అని చీటీ పంపారు. ఇద్దరికీ ఒకటే చెప్పాను, నా రిజిస్టర్లో వయసు, గాయం, చేసిన వైద్యం అని మూడు గడులే ఉన్నాయి, ఎవరి మనిషి అనే గడి లేదని. చెప్పేటప్పుడు ధైర్యంగానే చెప్పాను, తర్వాత నెల రోజులు రాత్రి భోజనం సహించలేదు. కూంబింగ్ ఉన్న వారం మా ఏఎన్‌ఎంలు చెంచు పెంటలకు, అంటే అడవిలోని చెంచుల గూడేలకు పోవడానికి భయపడేవాళ్ళు, అంటే ఆ వారం అక్కడ టీకా లేదు, గర్భిణికి పరీక్ష లేదు, జ్వరానికి రక్తపరీక్ష లేదు. తుపాకీ దెబ్బలు పేపర్లో వచ్చేవి, ఆ వారం మలేరియాతో పోయిన పిల్ల పేరు ఎక్కడా రాలేదు. నేను మరిచిపోలేనిది అదే.

ఇక మీ అమ్మ సంగతి. ఇది గాలి కాదు, దయ్యం కాదు, ఆమె పిరికితనమూ కాదు. ప్రాణభయం గట్టిగా తగిలినప్పుడు మెదడులో కాపలా కాసే భాగం మేలుకుంటుంది, కొందరిలో అది మళ్ళీ పడుకోదు. ఒంటికి ప్రమాదం పోయిందని తెలియదు, కుక్క మొరుగు వినగానే ఆ రాత్రే మళ్ళీ వచ్చినట్టు గుండె కొట్టుకుంటుంది. యుద్ధాలు, గొడవలు జరిగిన ప్రాంతాల్లో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని 2019లో వచ్చిన అంచనా చెబుతోంది, కాబట్టి మీ ఊళ్ళో మీ అమ్మ ఒక్కతే అయి ఉండదు. మిగతావాళ్ళు చెప్పుకోలేదంతే.

ఇరవై ఏళ్ళయినా మందు పనిచేస్తుంది. మాటలతో చేసే వైద్యం ఉంది, ఆ రాత్రి సంగతి భయం లేని చోట, నమ్మకమైన మనిషి ముందు కొంచెం కొంచెంగా చెప్పించే పద్ధతి. దాంతోపాటు దిగులు తగ్గించే మాత్రలు కొన్ని నెలలు వాడాల్సి రావచ్చు, వాటి పని కనిపించడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అలవాటు పడిపోయే నిద్రమాత్రలు వేరు, ఇవి వేరు. నిద్రమాత్రలు దుకాణంలో అడిగి కొని ఇవ్వకు. మీకు నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, లేదా మహబూబ్‌నగర్ పోండి, మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించండి. పోలేని రోజు 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో ఈ వైద్యం అందడం మీ అమ్మకు హక్కు, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు.

తాయెత్తు ఆమెకు ధైర్యమిస్తే ఉండనీ, తెంపకు. గొళ్ళెం చూసినందుకు కసురుకోకు. ఈ రాత్రి ఆమెతో పాటు లేచి వెళ్ళి నువ్వూ గొళ్ళెం చూడు, 'చూశానమ్మా, వేసే ఉంది' అని చెప్పు. మాటలతో చేసే వైద్యానికి అది మొదటి మెట్టు. ఇంకో మాట, ఆ రాత్రి నీకూ పదేళ్ళు. నీ నిద్ర సంగతి నువ్వు రాయలేదు. రాయి.

మా ఆయన ఖతార్‌లో డ్రైవర్. షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్. 2025 జూన్‌లో అక్కడ క్షిపణులు పడ్డ రాత్రి ఫోన్ కలవక పిచ్చెక్కినంత టెన్షన్ పడ్డాను. మళ్ళీ అట్లా జరిగితే మందుల గతేమిటి?
జడ్చర్ల పాఠకురాలు

అమ్మా, నువ్వు క్షిపణి గురించి భయపడ్డావు కానీ సరైన ప్రశ్నే అడిగావు. యుద్ధం వచ్చిన చోట తూటా తగలని రోగులు కూడా చనిపోతారు. డయాలసిస్ మిషన్‌కు కరెంటు ఉండదు, ఇన్సులిన్ దొరకదు, బీపీ మాత్ర అయిపోతుంది, రోడ్డు మూసేస్తే నొప్పులొచ్చిన తల్లి ఇంట్లోనే ఉండిపోతుంది. యెమెన్‌లో 2017లో పదిలక్షల మందికి కలరా అనుమానిత కేసులు వచ్చాయి, నీళ్ళ పంపులు, మురుగు కాలువలు పాడైపోవడం వల్ల.

మీ ఆయనకు ఈ పనులు చెప్పు. కనీసం నెల రోజుల మందు ఎప్పుడూ చేతిలో ఉండాలి, సగం అయిపోగానే కొనుక్కోవాలి. డాక్టరు చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించుకుని ఫోటో తీసి నీకు పంపాలి, వేరే దేశంలో వేరే కంపెనీ దొరికినా అదే మందని తెలుస్తుంది. ఇక్కడి నుంచి మందులు పంపేటప్పుడు చీటీ లేకుండా పంపకు, ముఖ్యంగా ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు, గల్ఫ్‌లో వాటికి జైలు కూడా ఉంది.

ఇన్సులిన్ గురించి నీకు ఒక మంచి కబురు. వాడటం మొదలుపెట్టని సీసాలు ఫ్రిజ్‌లోనే ఉండాలి. కానీ కరెంటు పోతే పారేయక్కర్లేదు. కెన్యాలో దదాబ్ శరణార్థి శిబిరంలో ఎండను లెక్కగట్టి చేసిన పరిశోధన 2021లో వచ్చింది, పగలూ రాత్రీ 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారుతూ ఉన్నా నాలుగు వారాలు ఇన్సులిన్ పనిచేసిందని తేలింది. మన ఇళ్ళలో ఎండాకాలం రంజన్లో నీళ్ళు చల్లబడతాయి చూడు, అదే పద్ధతి శిబిరాల్లో వాడతారు. పెద్ద మట్టి కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, దానిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన సీసా, పైన తడిగుడ్డ. ఐసు ముక్కల మీద మాత్రం నేరుగా పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడే రంగులేని ఇన్సులిన్ మబ్బుగా మారితే పారేయాలి. కారులో వదిలేయకూడదు, డ్రైవర్ కదా, ఇది గట్టిగా చెప్పు.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద పోయినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగం పోయినా పది లక్షలు. గడువు తీరిందేమో చూడు, చాలామంది రెన్యువల్ మర్చిపోతారు. దోహాలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోమను, ఆపదలో వైద్యానికి సాయం చేయడానికి అక్కడ సంక్షేమ నిధి ఒకటి ఉంటుంది. ఆ రాత్రి ఫోన్ కలవలేదన్నావు, ఒకే గదిలో ఉండే ఇద్దరి నంబర్లు, కంపెనీ సూపర్‌వైజర్ నంబరు రాసి ఇంట్లో గోడకు పెట్టుకో.

యుద్ధం జరిగే చోట పోలియో చుక్కలు ఎట్లా వేస్తారు? మా సార్ అడిగారు, ఎవరికీ తెలియలేదు.
తొమ్మిదో తరగతి విద్యార్థిని, కల్వకుర్తి

యుద్ధం ఆపి వేస్తారమ్మా, నిజంగానే. 1985లో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ పోరు నడుస్తుంటే యూనిసెఫ్ వాళ్ళు రెండు వైపులా మాట్లాడి టీకాల కోసం మూడు రోజులు తుపాకులు ఆపించారు. రెండున్నర లక్షల మంది పిల్లలకు టీకాలు పడ్డాయి. వాటిని ప్రశాంతి దినాలు అన్నారు. తర్వాత ఇంకొన్ని దేశాలు అదే దారి పట్టాయి. గాజాలో 2024 ఆగస్టులో పది నెలల పిల్లాడికి పోలియో వచ్చింది, అక్కడ పాతికేళ్ళలో అదే మొదటిది. సెప్టెంబర్ ఒకటి నుంచి ప్రాంతాల వారీగా పూటలు పూటలుగా కాల్పులు ఆపి, మొదటి విడతలోనే అయిదున్నర లక్షలకు పైగా పిల్లలకు చుక్కలు వేశారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, హౌరాలో.

మీ సార్‌కు ఇంకో ప్రశ్న నువ్వు వెయ్యి. చుక్కల కోసం మూడు రోజులు ఆగగలిగిన తుపాకులు నాలుగో రోజు ఎందుకు ఆగలేదు?

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కోయ కుటుంబం మా చేను పక్కన గుడిసె వేసుకుంది. కోడలికి ఎనిమిదో నెల. ఆధార్ లేదు, భాష రాదు, ఆస్పత్రికి పోతే పట్టుకుంటారని భయం. ఊళ్ళో కొందరు మనకెందుకు అంటున్నారు. నేనేం చేయగలను?
కోదాడ దగ్గరి రైతు

మీరు అడిగినందుకే సగం పని అయింది అన్నా. 2005లో అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేసి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. ఆదివాసీ కుర్రాళ్ళకు తుపాకులిచ్చి ఆ దళాలు నడపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పినా, వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి పోలేదు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళు కారు, మన పక్క రాష్ట్రం పౌరులు. పౌరులు కాకపోయినా జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణలో ఉన్న మాట 'వ్యక్తి', 'పౌరుడు' కాదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకు ఆధార్ లేదని వెనక్కి పంపకూడదు. కేంద్రం 2011లో పెట్టిన జననీ శిశు సురక్ష కింద కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, రక్తం, భోజనం, రానుపోను బండి, అన్నీ ఉచితం. రేపే మీ ఊరి ఆశా కార్యకర్తను గుడిసె దగ్గరికి తీసుకెళ్ళండి, ముందు మీరు మాట్లాడండి, ఆస్పత్రికి రమ్మని మొదటి రోజే అనొద్దు, భయపడిపోతారు. బీపీ చూసి, రక్తం ఎంతుందో పరీక్ష చేయించి, ధనుర్వాతం టీకా వేయిస్తే చాలు మొదటి రోజుకు. వాళ్ళలో కొంచెం తెలుగు వచ్చిన మనిషి ఎవరో ఒకరు ఉంటారు, మిరప కోతలకు వచ్చే మేస్త్రీని అడిగితే దొరుకుతుంది. తల తిరగడం, కాళ్ళూ మొహమూ వాయడం, చూపు మసకేయడం, రక్తం కనిపించడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేసేయమని చెప్పండి, ఫోన్ లేకపోతే మీ ఇంటి తలుపు కొట్టమనండి. ఎవరైనా ఆధార్ అడిగి అడ్డం పడితే 15100, ఉచిత న్యాయ సహాయం నంబరు.

'మనకెందుకు' అన్నవాళ్ళను ఒకసారి గుడిసె దాకా తీసుకెళ్ళండి, ఊరికే నిలబడి రమ్మనండి. కాన్పు అయ్యాక బిడ్డ బరువెంతో నాకు రాయండి.